బొటనవ్రేలు నేర్పిన పాఠము

గడచిన వేసవి సెలవులలో గుడ్లవల్లేరునందు మా యింట మా చిన్నవాడు ‘ఎం.ఎల్.బి. ది షో’ అను బేస్‌బాల్ వీడియో ఆటను నాకు చూపెను. అందు కంట్రోలరు మీది ఎడమ స్టిక్కును బొటనవ్రేలితో కదల్చి, బంతి వచ్చు చోటికి గురిని జేర్చి, బటను నొక్కి బ్యాటు విసరవలెను. నేను స్టిక్కును అంచువరకు త్రోయుచుంటిని. గురి ప్రతిమారును బంతిని దాటిపోవుచుండెను. వరుసగా ఇరువది బంతులు తప్పితిని.

వాడు విసుగుకొనలేదు. “నాన్నగారూ, అంత గట్టిగా పట్టకండి. కొద్దిగా కదపండి. వదలినచో స్టిక్కు తనంతట నడుమకు వచ్చును, అటనుండియే మరల మొదలిడండి” అనెను. అభ్యాసమునకు మొదట నిదానపు బంతులనే యుంచి, అవి తగిలిన పిమ్మట వేగమును మెల్లమెల్లగా పెంచెను. మూడవనాటికి పదింట నాలుగు తగిలినవి.

ఆ రాత్రి ఒక విద్యార్థి జ్ఞప్తికి వచ్చెను. చేవ్రాత వంకరయినదని వానిని తరగతి యెదుట గద్దించితిని. వాడు కలమును మరింత బిగించి పట్టెను; అక్షరములు మరింత చెడెను. సులభమునుండి కఠినమునకు పోవలెనని శిక్షణ కళాశాలలో చదివినవాడను నేను. ఆచరించినవాడు నా కుమారుడు.

బడి తెరచిననాడు ఆ బాలుని పిలిచి, క్షమింపుమని కోరి, ప్రక్కన గూర్చుండి కలమును తేలికగా పట్టుట చూపితిని. ప్రభువు నా మాటను గూడ తేలిక చేయునుగాక.