సెన్సర్ చేసిన పాపమేమిటి?

అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని డెంటన్‌లో ఎమ్మెస్ చదువుతున్న మా తెనాలి కుర్రాడు పోయిన వారం ఫోన్ చేశాడు. "అంకుల్, కార్లో చెక్ ఇంజన్ లైటు వెలిగింది. ఆక్సిజన్ సెన్సర్లు రెండూ పోయాయంటున్నారు గ్యారేజీ వాళ్లు. ఆరు వందల డాలర్లవుతుందట." వాడిది పాత కరోలా. ఆరు వందలంటే వాడి నెల అద్దె. నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు.

"ఏం పరీక్ష చేసి చెప్పారు?" అన్నాను. "మిషన్ పెట్టి చూశారంకుల్, కోడ్ వచ్చింది." ఆ కోడ్ పీ0171. ఇంజన్లోకి పోయే మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని చెబుతుందది. సెన్సర్ చెడిపోయిందన్న మాట అందులో ఎక్కడా లేదు. గాలి ఎక్కువైందని పసిగట్టి కంప్యూటర్‌కి చేరవేసింది ఆ సెన్సరే. దాన్నే పీకేసి కొత్తది పెడతామనడం, దొంగను చూసి మొరిగిన కుక్కను ఇంట్లోంచి తరిమేయడం లాంటిది. పైగా కోడ్ చదివినందుకే వాడి దగ్గర డయాగ్నొస్టిక్ ఫీజు వసూలు చేశారు. కోడ్ చదవడం డయాగ్నొసిస్ ఎలా అవుతుంది? అక్కడి నుంచే కదా అసలు పని మొదలవ్వాలి!

ఈ దేశం చేసిన ఏర్పాటు మాత్రం గొప్పది. 1996 మోడల్ నుంచి ఇక్కడ అమ్మే ప్రతి పెట్రోలు కారులోనూ స్టీరింగ్ కింద ఒకే ఆకారపు పదహారు పిన్నుల సాకెట్ ఉండాలి. టయోటా అయినా ఫోర్డ్ అయినా ప్రధానమైన కోడ్‌ల భాష ఒకటే. పొగ కాలుష్యంతో అల్లాడిన కాలిఫోర్నియా ముందుండి నడిపించిన పని ఇది. విడిభాగాలు అమ్మే దుకాణాల్లో చాలాచోట్ల ఆ కోడ్‌ను ఉచితంగానే చదివి చెబుతారు. బ్లూటూత్ స్కానర్ కొనుక్కుంటే మన ఫోన్‌లోనే కనిపిస్తుంది. కారు సంగతి తెలుసుకునే హక్కు సొంతదారు చేతిలో పెట్టిన దేశంలో, ఆ చేతిలోంచే ఆరు వందలు లాగబోయారు. నా బాధ అదీ.

శనివారం నా స్కానర్ పట్టుకుని వెళ్లాను. చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్. గాలి ఎక్కువైనప్పుడు కంప్యూటర్ ఎంత పెట్రోలు కలిపి సర్దుతోందో చెప్పే అంకె అది. బండి నిలబడి ఉన్నప్పుడు పాతిక శాతం దాటి చూపించింది. యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎంకి తెస్తే అయిదుకి దిగింది. సెన్సర్ తప్పు చెబుతుంటే ఇంత పద్ధతిగా మారదు. ఎక్కడో సందులోంచి గాలి లోపలికి పోతోంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ దొంగగాలి వాటా ఎక్కువ, వేగం పెరిగితే తక్కువ. ఇంజన్ వెనక చెయ్యి పెట్టి తడిమితే, ఇంజన్ అడుగున పోగయ్యే ఆవిరిని మళ్లీ లోపలికి పంపే పీసీవీ గొట్టం దొరికింది. బొటనవేలంత లావు రబ్బరు గొట్టం, వంపు దగ్గర పగిలి ఉంది. ఇరవై డాలర్లు కూడా కాలేదు.

మా చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్లో నాన్నగారి అంబాసిడర్ చూసే మేస్త్రికి ఏ స్కానరూ లేదు. ప్లగ్గు విప్పి వెలుగులో తిప్పి చూసేవాడు. నల్లగా మసిబారితే పెట్రోలు ఎక్కువ, తెల్లబడితే గాలి ఎక్కువ, ఇటుక రంగులో ఉంటే బండి బాగున్నట్టు. పీ0171 చెప్పేది ఆ తెల్ల ప్లగ్గు సంగతే. మా మేస్త్రి ముందు వీళ్లెంత అని కొట్టిపారేయాలనే ఉంది. కానీ కార్బురేటర్ బండికీ ఈ బండికీ పోలిక కుదరదు. ఇప్పటి ఇంజన్ తన తప్పు తానే సర్దుకుంటూ నడుస్తుంది, ప్లగ్గు రంగు అంత తేలిగ్గా పట్టివ్వదు. ఆయనకైనా స్కానర్ కావాల్సిందే. అయినా ఆయన్ని తలుచుకోకుండా ఉండలేను. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాడు. మేం బల్ల మీద కూర్చుని ఆయన కళ్లు ఎప్పుడు తెరుస్తాడా అని చూసేవాళ్లం. తీసేసిన పాత సామాను న్యూస్‌పేపర్లో చుట్టి నాన్నగారి చేతికిచ్చి, ఎందుకు తీశాడో చెప్పాకే డబ్బు తీసుకునేవాడు. నేను అడిగేదీ ఆ చెప్పడమే.

పిల్లల్ని పంపించిన తల్లిదండ్రులకీ, ఇక్కడ పాత కార్లు కొనే పిల్లలకీ నాలుగు మాటలు. లైటు నిలకడగా వెలిగితే కంగారు పడకండి, పెట్రోలు మూత వదులైనా వెలుగుతుంది. మిణుకుమిణుకుమంటే మాత్రం వెంటనే బండి పక్కకి ఆపండి. ఇంజన్ మిస్‌ఫైర్ అవుతోందని అర్థం, అలాగే నడిపితే వేల రూపాయలు కాదు, పొగను శుభ్రం చేసే వేల డాలర్ల క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ తీసేశారు గానీ, డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష అలాగే ఉంది. లైటు వెలుగుతుంటే అందులో ఫెయిలే. కోడ్ చెరిపేసి తీసుకెళ్లినా లాభం లేదు, చెరిపిన సంగతి కంప్యూటర్ చెప్పేస్తుంది. పాత కారు కొనేముందు మీరూ స్కానర్ పెట్టి, కోడ్ చెరిపేశారేమో చూసుకోండి.

ఏ గ్యారేజీ వాడైనా ఫలానా భాగం మార్చాలంటే, అది పోయిందని ఏ పరీక్షలో తేలిందో అడగండి. జవాబు కోడ్ దగ్గరే ఆగిపోతే తాళం చెవి తీసుకుని వచ్చేయండి.