అర్పా తీరాన మొరం దారిలో

బొగ్గు రైళ్ల బిలాస్‌పూర్‌కు గంట ప్రయాణం దూరంలోనే గుగ్గిలం అడవులు, ఏటి ఒడ్డు దారులు. సైకిలు తొక్కేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? అయితే ఈ నిశ్శబ్దం ఊరికే వచ్చింది కాదు.

బిలాస్‌పూర్‌లో రైలు కూత వినిపించని పూట ఉండదు. ముంబై-హౌరా ప్రధాన మార్గం మీది ఈ జంక్షన్ దగ్గరే కట్నీ వెళ్లే లైను చీలుతుంది. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం ఇదే. బొగ్గు తవ్వే ఎస్‌ఈసీఎల్ కేంద్ర కార్యాలయమూ ఇక్కడే. రాష్ట్ర హైకోర్టు కూడా ఇక్కడే ఉంది. రాజధాని మాత్రమే రాయ్‌పూర్‌కు దక్కిందని స్థానికులు నవ్వుతూనే నిష్ఠూరమాడతారు.

తెలుగువాళ్లకు ఇది మరీ పరాయి ఊరేమీ కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే వాల్తేరును, ఖరగ్‌పూర్‌ను, బిలాస్‌పూర్‌ను ఒకే సంస్థ గొడుగు కిందకు తెచ్చింది. ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాల కోసం వచ్చిన కుటుంబాలు రైల్వే కాలనీల్లో స్థిరపడిపోయాయి. మూడో తరం వాళ్లు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఆఫీసులో హిందీ మాట్లాడతారు. జోన్ కోసం ఆందోళన చేసి సాధించుకున్న చరిత్ర కూడా ఈ ఊరికి ఉంది. 2019లో జోన్ ప్రకటన విని, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎదురుచూసిన విశాఖవాసులకు ఆ కథ సులువుగానే అర్థమవుతుంది. సాహిత్యంలోనూ ఈ స్టేషన్‌కు చోటుంది. రవీంద్రనాథ్ టాగూర్ 1918 నాటి 'పలాతక' సంపుటిలోని 'ఫాంకి' కవిత జరిగేది బిలాస్‌పూర్ స్టేషన్‌లోనే.

అయితే ఇది రైళ్ల గురించిన కథనం కాదు, రైలు దిగాక మొదలయ్యే దారి గురించి.

కంకర మీద కొత్త సరదా

'గ్రావెల్ బైకింగ్' అనే మాట ఈమధ్యే మన నగరాల్లోని సైకిల్ క్లబ్బుల్లో వినిపిస్తోంది. తారు రోడ్డు వదిలి మొరం, కంకర, మట్టి దారుల్లో దూరప్రయాణం చేయడమే ఇది. హ్యాండిల్ రేసు సైకిలు మాదిరిగా కిందికి వంగి ఉంటుంది. టైర్లు మాత్రం 40 మిల్లీమీటర్లు, ఆపైన వెడల్పు. గాలి కాస్త తగ్గించి నడిపితే గతుకుల దెబ్బ చేతులకు అంతగా తెలియదు. అమెరికాలోని కాన్సాస్‌లో 2006లో మొదలైన పోటీ ఈ క్రీడకు పేరు తెచ్చింది. 2022లో ఇటలీలో తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ జరిగింది. దీని ఆకర్షణ ఒక్క మాటలో చెప్పాలంటే, వెనకనుంచి లారీ హారన్ వినిపించదు.

ఈ దారుల్లో ఏళ్ల తరబడి సైకిలు తొక్కుతున్నవాళ్లకు మాత్రం ఇలాంటి పేరు ఒకటుందని తెలియదు. నల్లటి బరువైన సైకిలు మీద పాలడబ్బాలు కట్టుకుని వచ్చేవారు, ఇప్పపూల బస్తాతో సంతకు వెళ్లేవారు, ప్రభుత్వం 'సరస్వతి సైకిల్ యోజన' కింద ఇచ్చిన సైకిళ్లపై వరుసగా బడికి పోయే ఆడపిల్లలు. ఈ అడవి దారుల అసలు 'గ్రావెల్ బైకర్లు' వీళ్లే. లక్ష రూపాయల సైకిలు చూసి వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దీనికి క్యారియర్ ఎందుకు లేదని.

ఏరు, పట్టాలు పక్కపక్కనే

తొలిసారి వెళ్లేవారికి రతన్‌పూర్ వైపు దారి సులువు. పట్నానికి సుమారు 25 కి.మీ. దూరంలోని ఈ ఊరు ఒకప్పటి కలచురి రాజుల రాజధాని. మహామాయ ఆలయం వల్ల యాత్రికుల రద్దీ ఎప్పుడూ ఉంటుంది. ఆ రద్దీ దాటి ఖారంగ్ నది మీది ఖూటాఘాట్ జలాశయం వైపు మళ్లితే గాలి మారుతుంది. గట్టు, నీళ్లు, అవతల కొండలు. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్న భోజనానికి బిలాస్‌పూర్ తిరిగి రావచ్చు.

అసలైన ప్రయాణం మాత్రం కోటా నుంచి. ఊరి పేరు కోటా, స్టేషన్ పేరు కర్గీ రోడ్. ఇక్కడినుంచి కట్నీ లైను బెల్‌గహనా, టేంగన్‌మాడా, ఖోంగ్‌సరా, భన్వర్‌టంక్ మీదుగా కొండలెక్కుతుంది. దారి తప్పకుండా చూసుకోవడానికి ఈ స్టేషన్ల పేర్లు చాలు. అర్పా నది పెండ్రా పీఠభూమి మీద పుట్టి ఈ అడవుల్లోంచే దిగి బిలాస్‌పూర్ చేరుతుంది. అక్కడినుంచి శివనాథ్‌లో, ఆ నీటితో మహానదిలో కలుస్తుంది. పట్నంలో వేసవి వచ్చేసరికి ఇసుక మేటగా కనిపించే అర్పా, ఎగువన అడవిలో చలికాలమంతా సన్నగా పారుతూనే ఉంటుంది. వాగులు దాటడానికి వంతెనలకన్నా చప్టాలే ఎక్కువ. సైకిలు దిగి చేత్తో నడిపించుకుంటూ పోవడమే.

ఎర్రమొరం దారికి రెండువైపులా గుగ్గిలం, నల్లమద్ది, వెదురు, తునికి చెట్లు. శ్రీకాకుళం, అరకు కొండలు చూసినవారికి ఈ అడవి తెలిసినట్టే ఉంటుంది. బైగాలు చేసే 'బేవర్' సేద్యం మన పోడుకు అన్నదమ్ముల వరసే. ఏ పాకలో టీకి ఆగినా "కహాఁ జాథవ్?" (ఎక్కడికి పోతున్నారు?) అని పలకరిస్తారు. ఊరికే తిరగడానికని చెబితే నమ్మడం కష్టం. ఇంత ఎండలో పనిలేకుండా సైకిలు తొక్కేవాడిని వాళ్లెందుకు నమ్మాలి?

ఎక్కలేమనుకునేవారికి మరో ఉపాయం ఉంది. సుమారు 100 కి.మీ. దూరంలోని పెండ్రా రోడ్ దాకా రైల్లో పోయి కిందికి దిగుతూ రావచ్చు. పెండ్రా పీఠభూమి సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తు. బిలాస్‌పూర్ అందులో సగం ఎత్తు కూడా ఉండదు. మాధవరావు సప్రే 1900లో 'ఛత్తీస్‌గఢ్ మిత్ర' పత్రికను మొదలుపెట్టింది ఈ పెండ్రాలోనే. ఇక్కడ ఒక జాగ్రత్త తప్పదు. పక్కనే ఉన్న మర్వాహీ అడవులు ఎలుగుబంట్లకు పెట్టింది పేరు. ఏనుగుల మందలూ ఈ వైపు వచ్చిపోతుంటాయి. పొద్దు వాలాక, తెల్లవారుజామున అడవి దారిలో సైకిలు వద్దు.

ఖాళీ రోడ్డు వెనక

ఈ ప్రాంతంలో అందరూ చెప్పే పేరు అచానక్‌మార్. మణియారీ నది నడుమ నుంచి పారే ఈ అడవి 1975లో అభయారణ్యం అయింది. 2009లో పులుల రిజర్వు, 2012లో అమర్‌కంటక్‌తో కలిపి యునెస్కో జీవావరణ కేంద్రాల జాబితాలో చోటు. లోపల సైకిళ్లకు అనుమతి లేదు. అటవీశాఖ సఫారీ వాహనంలోనే తిరగాలి. కోటా నుంచి అచానక్‌మార్ మీదుగా కేంవ్‌చీ, అమర్‌కంటక్ పోయే పాత రోడ్డుపై రాకపోకలకు ఆంక్షలు వచ్చాయి. లారీలు, బస్సులు రతన్‌పూర్-కేందా దారి పట్టాయి.

వన్యప్రాణులకు ఇది మేలే. అయితే అడవిలో ఉన్నవి పులులే కాదు. 2009లోనే ఆరు బైగా గ్రామాలను బయటికి తరలించారు. కుటుంబానికి రూ.10 లక్షల ప్యాకేజీ అప్పటి లెక్క. మిగతా గ్రామాల సంగతి ఆ తర్వాత కూడా చర్చల్లో నానుతూనే వచ్చింది. బస్సు రాని దారి సైకిలు యాత్రికుడికి వరం. జ్వరంతో ఉన్న బిడ్డను కోటా ఆస్పత్రికి తీసుకుపోవాల్సిన తల్లికి అదే దారి శాపం.

ఈ సంగతి ఎరిగిన బయటివాళ్లలో ప్రభుదత్త్ ఖేరాను మొదట చెప్పుకోవాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యుడైన ఆయన 1980లలో ఇక్కడికి వచ్చి, లమ్నీ గ్రామంలో గుడిసె వేసుకుని, 2019లో కన్నుమూసేదాకా బైగా పిల్లలకు చదువు చెప్పారు. ఛపర్వాలోని బడి ఆయన చలవే. ఆయన అడవిని చూసి పోవడానికి వచ్చి అక్కడే ఉండిపోయిన మనిషి. 2023 అక్టోబరులో గౌరెలా బ్లాకులోని 19 బైగా గ్రామాలకు అటవీ హక్కుల చట్టం కింద ఆవాస హక్కులు దక్కాయి. అడవి ఒక వైపు మూసుకుంటుంటే మరో వైపు హక్కు పత్రం చేతికి వచ్చింది.

ఎవరి దారి?

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైనప్పటి నుంచి ఇక్కడి మొరం దారులు ఒక్కొక్కటే తారు పూసుకుంటున్నాయి. సైకిలు యాత్రికుడికి అది నష్టం. ఊళ్లవాళ్లు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుని సాధించుకున్నది అదే. ఈ తగాదాలో ఊరి పక్షం వహించడమే న్యాయం. మన సరదా కోసం ఎవరి దారీ గతుకులతో ఉండిపోనక్కర్లేదు.

కానీ ఇద్దరి ప్రయోజనం కలిసే చోటు ఒకటుంది. అది రైలు. కరోనా తర్వాత చిన్న స్టేషన్లలో చాలా రైళ్ల హాల్టులు పోయాయి. 2022లో బొగ్గు రవాణాకు దారివ్వడం కోసం ఈ జోన్‌లో ప్యాసింజర్ రైళ్లను పెద్ద సంఖ్యలో రద్దు చేశారు. టేంగన్‌మాడా, ఖోంగ్‌సరాల్లో ప్యాసింజర్ ఆగితే తునికాకు మూట, బడిపిల్లలు, ఆస్పత్రికి పోయే రోగి, పట్నం నుంచి సైకిలుతో దిగిన యాత్రికుడు, అందరికీ అది ఉపయోగమే. ఆ యాత్రికుడు స్టేషన్ పక్క పాకలో అన్నం తిని, రాత్రికి ఊళ్లో ఉంటే నాలుగు రూపాయలు అక్కడే మిగులుతాయి. కొత్త రిసార్టు కట్టనక్కర్లేదు, రైలు రెండు నిమిషాలు ఆగితే చాలు.

ఎలా వెళ్లాలి: విశాఖ నుంచి కోర్బా ఎక్స్‌ప్రెస్, తిరుపతి నుంచి బిలాస్‌పూర్ ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. సైకిలును పార్సిల్ ఆఫీసులో బుక్ చేసుకోవాలి. కట్నీ లైను ప్యాసింజర్లలో సైకిలు ఎక్కించుకుంటారో లేదో ముందే కనుక్కోవడం మంచిది.

ఎప్పుడు: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. వానాకాలంలో మొరం దారులు బురదమయం, పులుల రిజర్వు మూసి ఉంటుంది.

వెంట ఉంచుకోవాల్సినవి: రెండు ట్యూబులు, పంపు, రోజుకు సరిపడా నీళ్లు. కోటా దాటాక పంక్చర్ దుకాణం దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోవద్దు.