కాశీ దాకా ఒకటే దారి... ఆ తర్వాతే తకరారు!

కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒకటేనని పెద్దలు ఊరికే అనలేదు. ఆ రోజుల్లో వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారన్న నమ్మకం ఉండేది కాదు. ఇప్పుడు సిద్దిపేట జిల్లా మద్దూరులో తెల్లవారుజామున కారెక్కితే మూడో రోజుకల్లా గంగలో మునక వేయొచ్చు. అంత దూరం వెళ్ళాక మరో ఆశ పుడుతుంది. 'ఇంకో రెండు రోజులు నడిపితే నేపాల్... పశుపతినాథుణ్ణి కూడా చూసొస్తే పోలా?' అని.

అసలు పంచాయితీ అక్కడే మొదలవుతుంది. కాశీ దాకా దారి గురించి ఎవరికీ పేచీ లేదు. కాశీ దాటాక సరిహద్దుకు రెండు దారులు. ఒకటి గోరఖ్‌పూర్ మీదుగా సునౌలికి. రెండోది గయ, పాట్నాల మీదుగా రక్సౌల్‌కి. స్టీరింగ్ పట్టే కొడుకు మొదటిది అంటాడు. వెనక సీట్లో కూర్చునే తల్లి రెండోది అంటుంది. ''గయకు పోకుండ నేపాల్ పోతే మీ నాయినకు ఏం జవాబు చెప్తం బిడ్డా?'' అని ఆమె ఒక్క మాట అంటే చాలు... ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని లెక్కలు చెబుతున్న కొడుకు నోరు మూతపడుతుంది.

మరి ఏ దారిన వెళ్ళాలి? ఒక్కొక్కటీ చూద్దాం.

వీరాస్వామి నడిచిన దారే!

మద్దూరు నుంచి చేర్యాల మీదుగా సిద్దిపేట. దారికి కాస్త పక్కనే కొమురవెల్లి. ఎంత దూరం వెళ్ళేవాళ్ళయినా ముందు మల్లన్నకు ఓ దండం పెట్టుకుని కదలడం ఈ వైపు రివాజు. సిద్దిపేట నుంచి రామాయంపేట చేరితే 44వ నెంబరు జాతీయ రహదారి తగులుతుంది. కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే మహారాష్ట్ర. హింగన్‌ఘాట్ మీదుగా నాగపూర్. పొద్దున్నే బయలుదేరితే తొలిరోజు మజిలీ అక్కడే.

పాత డ్రైవర్లు దీన్ని ఇప్పటికీ 'ఏడో నెంబరు రోడ్డు' అంటారు. 2010లో నెంబర్లు మార్చకముందు వారణాసిలో మొదలై కన్యాకుమారి దాకా 2,300 కిలోమీటర్లకు పైగా సాగిన జాతీయ రహదారి అదే. దేశంలో అన్నిటికన్నా పొడవైంది. అంటే, తెలంగాణ పల్లెకు కాశీ దారి చూపించడానికి మ్యాపులు అక్కర్లేని కాలం ఒకటుండేది. ఆ రోడ్డెక్కి ఉత్తరానికి పోతే చాలు!

రోడ్డు పడకముందు కూడా యాత్రికులది ఇదే బాట. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే నెలలో పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరాడు. హైదరాబాదు, నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగల మీదుగానే వెళ్ళాడు. మళ్ళీ ఇల్లు చేరింది 1831 సెప్టెంబరులో. పదిహేను నెలలు పైన! ఆ ప్రయాణాన్నే 'కాశీయాత్ర చరిత్ర'గా రాశాడు. ఆయన చేసిన ఓ తెలివైన పని ఉంది... దాని సంగతి చివర్లో.

నాగపూర్ దాటాక పెంచ్ అడవి. కిప్లింగ్ 'జంగిల్ బుక్'కు నేపథ్యమైన సివనీ ప్రాంతం ఇదే. ఇక్కడ రోడ్డును స్తంభాల మీదికి ఎత్తి, కింది నుంచి పులులూ జింకలూ దాటేందుకు దారులు వదిలారు. ఆపైన లఖ్‌నాదౌన్ దగ్గర 44ను వదిలేసి జబల్‌పూర్, కట్నీ, మైహర్, రీవాల మీదుగా ప్రయాగ్‌రాజ్. అక్కణ్నుంచి కాశీ మరో 125 కిలోమీటర్లు. మద్దూరు నుంచి మొత్తం లెక్కేస్తే 1,200 కిలోమీటర్ల పైమాటే.

రోడ్డు బాగుంది కదా అని ఏమరుపాటు పనికిరాదు. 2025 ఫిబ్రవరిలో కుంభమేళాకు దేశమంతా కదిలినప్పుడు జబల్‌పూర్-రీవా దారిలో బళ్ళు గంటల తరబడి ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. కుంభమేళా నుంచి తిరిగొస్తున్న హైదరాబాదు యాత్రికులు ఏడుగురు జబల్‌పూర్ జిల్లా సిహోరా దగ్గర ప్రమాదంలో చనిపోయిందీ ఆ నెలలోనే.

సునౌలి... తొందర ఉన్నవాళ్ళకి

కాశీ నుంచి గోరఖ్‌పూర్ సుమారు 200 కిలోమీటర్లు. అక్కణ్నుంచి సునౌలి సరిహద్దు మరో వంద. పొద్దున కాశీలో బయలుదేరితే మధ్యాహ్నానికి నేపాల్ గేటు కనిపిస్తుంది. ఈ దారికి ఉన్న పెద్ద బలం అదే. దారిలో గోరఖ్‌నాథ్ మఠం. కాస్త పక్కకు వెళితే బుద్ధుడు నిర్యాణం చెందిన కుశీనగర్. సరిహద్దు దాటగానే భైరహవా. అక్కడికి దగ్గర్లోనే బుద్ధుడు పుట్టిన లుంబిని. అశోకుడు వేయించిన శిలాస్తంభం ఇంకా నిలబడే ఉంది. బుద్ధుడి పుట్టుకనూ నిర్యాణాన్నీ ఒక్కరోజు తేడాలో చూపించే దారి ఇది.

ఇక ఇబ్బందులు. భైరహవా నుంచి బుట్వల్ దాకా విశాలమైన రోడ్డు. బుట్వల్ నుంచి నారాయణ్‌ఘాట్ దాకా ఉన్న వంద కిలోమీటర్ల పైచిలుకే సహనానికి పరీక్ష. అక్కడ రోడ్డు వెడల్పు పనులు ఏళ్ళ తరబడి సాగుతూ వచ్చాయి. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్ళు వెంట ఉంటే ఈ ముక్కను ఒక్క బిగిన లాగించేయాలనుకోవద్దు.

రక్సౌల్... రుణం తీర్చుకునేవాళ్ళకి

రెండో దారి పొడుగు. కాశీ నుంచి గయ దాదాపు 250 కిలోమీటర్లు. గయ నుంచి పాట్నా వంద దాటుతుంది. పాట్నాలో అయిదున్నర కిలోమీటర్ల పొడవున్న మహాత్మాగాంధీ సేతువు మీద గంగను దాటి హాజీపూర్, ముజఫర్‌పూర్, మోతీహారీల మీదుగా రక్సౌల్ చేరడానికి మరో 200. సునౌలితో పోలిస్తే 250 కిలోమీటర్లు ఎక్కువ. అంటే ఒక రోజు, ఒక రాత్రి బస అదనం.

కానీ ఆ రోజుకు విలువ కట్టగలమా? ప్రయాగ, కాశీ, గయ... మూడూ చూస్తేనే యాత్ర పూర్తయినట్టని మన పల్లెల్లో లెక్క. తండ్రికి ఫల్గునీ నది ఒడ్డున పిండం పెట్టడానికి ఒక తరం మొత్తం డబ్బులు కూడబెట్టుకునేది. కారు ఉంది కదా అని అటు పోకుండా తిరిగొస్తే ఆ వెలితి ఎన్నేళ్ళయినా తీరదు. గయ పక్కనే బోధ్‌గయ. ఉత్తరాన మోతీహారీ... 1917లో నీలిమందు రైతుల కోసం గాంధీజీ అడుగుపెట్టిన చంపారన్ అదే. రైతు కుటుంబాలు ఆగి చూడాల్సిన ఊరు.

రక్సౌల్ అవతల బీర్‌గంజ్. నేపాల్‌కు వచ్చే సరుకులో పెద్ద వాటా ఈ గేటు నుంచే వెళుతుంది. కాబట్టి లారీల వరస తప్పదు. 2015 సెప్టెంబరు నుంచి నెలల తరబడి ఇక్కడ రాకపోకలు స్తంభించినప్పుడు నేపాల్ మొత్తం వంటగ్యాసుకూ పెట్రోలుకూ అల్లాడిపోయింది. తర్వాత సరుకు లారీల కోసం ఊరికి దూరంగా విడిగా చెక్‌పోస్టు కట్టారు. ఇప్పుడు పాత గేటు మీద ఒత్తిడి కొంత తగ్గింది.

ఇద్దరూ కలిసేది ఒక్కచోటే

ఇంతా వాదించుకున్నాక తెలిసే సంగతి ఒకటుంది. సునౌలి నుంచి వచ్చే దారీ, బీర్‌గంజ్ నుంచి హెటౌడా మీదుగా వచ్చే దారీ నారాయణ్‌ఘాట్‌లో కలిసిపోతాయి! రెండువైపుల నుంచీ సరిహద్దు నుంచి కాఠ్మాండూకు సుమారు 280 కిలోమీటర్లే. నారాయణ్‌ఘాట్ నుంచి ముగ్లింగ్ దాకా 36 కిలోమీటర్లు. ఒకవైపు నిట్టనిలువు కొండ, మరోవైపు త్రిశూలి నది. ప్రయాణం మొత్తంలో భయపడాల్సింది ఈ చిన్న ముక్క గురించే.

2024 జులై 12 తెల్లవారుజామున ఇక్కడి సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలిలో కొట్టుకుపోయాయి. అరవై మందికి పైగా గల్లంతయ్యారు. ఆ తర్వాత ఆగస్టు 23న పొఖరా నుంచి కాఠ్మాండూ వస్తున్న భారతీయ బస్సు మర్స్యాంగ్డీ నదిలో పడి మహారాష్ట్ర యాత్రికులు 27 మంది చనిపోయారు. సెప్టెంబరు చివరి వానలకు కాఠ్మాండూ శివార్లలోని ఘాట్‌లో ఆగి ఉన్న బళ్ళ మీదే కొండ కూలింది. ఒక్క వానాకాలంలో మూడు ఘోరాలు.

అంటే... సునౌలా, రక్సౌలా అన్నది రెండో ప్రశ్న. ఏ నెలలో, పగలా రాత్రా అన్నది మొదటి ప్రశ్న.

ఈ 36 కిలోమీటర్లు తప్పించుకునే ఉపాయం లేదా? రక్సౌల్ వైపు వెళ్ళినవాళ్ళకు ఉంది. హెటౌడా నుంచి నేరుగా కొండెక్కే త్రిభువన్ రాజ్‌పథ్. 1950లలో భారత సైన్యం ఇంజినీర్లు వేసిన రోడ్డు. అది పడకముందు కాఠ్మాండూలో రాణా ప్రభువులకు కార్లుండేవి కానీ వాటిని తీసుకెళ్ళే రోడ్డు లేదు. పదుల కొద్దీ కూలీలు వాటిని భుజాల మీద మోసుకుంటూ కొండలు దాటించేవారు! రాజ్‌పథ్ దాదాపు 2,500 మీటర్ల ఎత్తున కనుమను దాటుతుంది. పక్కనే దామన్. ఆకాశం తేటగా ఉంటే హిమాలయాల వరస కళ్ళ ముందు పరుచుకుంటుంది. బీర్‌గంజ్ నుంచి ఇలా వస్తే దూరం 190 కిలోమీటర్లే. కానీ మలుపు మీద మలుపు, ఇరుకు రోడ్డు. మద్దూరు చుట్టుపక్కల చదును నేల మీద చేయి తిరిగిన డ్రైవరు కొండ మీద కూడా అంతే ధీమాగా ఉంటాడనుకోవడం ప్రమాదం. వానల్లో, పొగమంచులో ఈ వైపు తలెత్తి కూడా చూడొద్దు.

పొలం ఒప్పుకోవాలిగా!

నెల ఎంచుకోవడం పల్లెవాళ్ళకు పట్నంవాళ్ళంత తేలిక్కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండదారులు వద్దు. అక్కడ వానాకాలమైతే ఇక్కడ నాట్లు, కలుపులు. అక్టోబరులో ఆకాశం తేటగా ఉంటుంది కానీ నేపాల్‌లో దసాయీ, తిహార్ పండగల రద్దీ, ఇక్కడ వరికోతల హడావిడి. వడ్లు అమ్ముకుని డిసెంబరులో కదులుదామంటే గోరఖ్‌పూర్ నుంచి తరాయి దాకా ముందు బండి కనిపించనంత మంచు. జనవరిలో సంక్రాంతి దగ్గర కొమురవెల్లి జాతర మొదలవుతుంది. ఇంటి ఆడబిడ్డలంతా వచ్చే సమయం.

ఇక మిగిలేది ఫిబ్రవరి నెలాఖరు నుంచి మార్చి. యాసంగి వరికి నీళ్ళు చూసుకునే మనిషి ఒకరు దొరికితే ఇదే మంచి అదను. మహాశివరాత్రికి పశుపతినాథ్‌లో ఇసుకేస్తే రాలనంత జనం ఉంటారు. ఆ రోజే దర్శించుకోవాలన్న పట్టుదల లేకపోతే పండగ దాటిన వారానికి చేరుకోవడం సుఖం. బాగ్మతి ఒడ్డున ఆ గుడిలో పూజలు చేసే భట్టులు తరతరాలుగా దక్షిణాది నుంచే, ముఖ్యంగా కర్ణాటక వైపు నుంచి వెళుతున్నారు. అంత దూరంలో మన దిక్కు అర్చకులు కనిపిస్తే ఆ తృప్తే వేరు.

సంచిలో ఉండాల్సినవి

నేపాల్‌కు వీసా అక్కర్లేదు. అలాగని ఆధార్ కార్డు చూపిస్తే సరిపోదు. పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు ఉండాలి. 15 ఏళ్ళలోపు పిల్లలకూ 65 దాటిన పెద్దలకూ మాత్రం వయసు రుజువుకు ఆధార్‌ను ఒప్పుకుంటారు. కారుకు సరిహద్దులో 'భంసార్' అనే కస్టమ్స్ రసీదు తీసుకోవాలి. ఎన్ని రోజులుంటే అన్ని రోజులకు రుసుము. గడువు దాటితే జరిమానా. ఆర్‌సీ, లైసెన్సు, కాలుష్య పత్రం అసలువి ఉండాలి. కారు వేరేవాళ్ళ పేరున ఉంటే వాళ్ళ అనుమతి పత్రం రాయించుకోవాలి.

చాలామంది మరిచిపోయేది బీమా. మన కారు బీమా మామూలుగా మన దేశం వరకే. కాస్త అదనంగా ప్రీమియం కడితే నేపాల్‌కు పొడిగిస్తారు. బయలుదేరే ముందే కంపెనీలో అడిగి చేయించుకోవాలి. ఇక డబ్బు. మన 100 రూపాయలు అక్కడ 160. వందకు మించిన మన నోట్లను నేపాల్ 2018 డిసెంబరులో నిషేధించింది. ఈ మధ్య నిబంధనలు సడలుతున్నాయి. తాజా సంగతి కనుక్కోవడం మంచిది. వందనోట్ల కట్ట దగ్గరుంటే ఏ పేచీ లేదు.

2025 సెప్టెంబరులో కాఠ్మాండూలో యువత ఆందోళనలు చెలరేగి ప్రభుత్వం పడిపోయినప్పుడు తెలుగు యాత్రికులు చాలామంది అక్కడే చిక్కుకుపోయారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానం పంపాల్సి వచ్చింది. కారులో వెళ్ళినవాళ్ళకు ఆ వెసులుబాటూ ఉండదు. కారును వదిలేసి విమానం ఎక్కలేరు కదా! అందుకే వెనక్కి రావడానికి రెండో దారి కూడా ముందే తెలిసి ఉండాలి.

తల్లి మాటా, కొడుకు మాటా...

వీరాస్వామి చేసిన తెలివైన పని సరిగ్గా ఇదే. వెళ్ళిన దారిన ఆయన తిరిగి రాలేదు. కాశీ, గయ చూసుకుని కలకత్తా చేరి, సముద్రతీరం వెంట గంజాం, విశాఖపట్నం, నెల్లూరుల మీదుగా మద్రాసు చేరాడు. ఒకే ప్రయాణంలో రెండు దేశాలంత లోకం చూశాడు.

మద్దూరు కుటుంబానికీ అదే మేలైన మార్గం. వెళ్ళేటప్పుడు గయ. పెద్దవాళ్ళకు ఓపిక ఉన్నప్పుడే, ముందు పితృకార్యం తీరిపోవాలి. గయ నుంచి రక్సౌల్, హెటౌడా, నారాయణ్‌ఘాట్‌లలో ఆగుతూ కాఠ్మాండూ. వచ్చేటప్పుడు అలసట ఉంటుంది కాబట్టి దగ్గరి దారి సునౌలి. మధ్యలో లుంబినిలో ఒక రాత్రి. ఒక గేటులో ప్రవేశించి మరో గేటులో బయటికొస్తామని భంసార్ రసీదు తీసుకునేటప్పుడే చెప్పి స్పష్టం చేసుకోవాలి. ముగ్లింగ్ ముక్కను రెండుసార్లూ ఎండ పొద్దున్నే దాటాలి. పొద్దుగూకితే ఎక్కడున్నా సరే బండి ఆపేయాలి.

అన్నీ కలిపి రెండు వారాలు చేతిలో ఉంటేనే ఈ ప్రయాణం పెట్టుకోవాలి. పదిరోజులే ఉంటే నేపాల్ మాట మరోసారికి వాయిదా వేసి గయ చూసుకుని రావడమే నయం. పశుపతినాథుడు ఎక్కడికీ పోడు. తల్లి మోకాళ్ళే వచ్చే ఏడాదికి ఇలాగే ఉంటాయన్న హామీ లేదు.