మోటర్ వైండింగ్ మామయ్య, రెడింగ్ బాయిలర్

2021 జనగణన ప్రకారం ఇంగ్లండ్, వేల్స్‌లలో నాలుగిళ్ళకు దాదాపు మూడిళ్ళను వెచ్చగా ఉంచేది పైపు గ్యాసే. ఆ గ్యాసును మండించి, నీళ్ళు కాచి, గదిగదికీ పంపే పెట్టె వంటింటి అల్మరాలోనో మెట్ల కిందో ఉంటుంది. ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు తూర్పు వాకిలి చూస్తారు, స్కూలు చూస్తారు, స్టేషన్‌కు ఎంతసేపు నడవాలో చూస్తారు. బాయిలర్ వయసు అడిగేవాళ్ళు తక్కువ. జనవరిలో అదే గుర్తుచేస్తుంది.

రెడింగ్‌లో 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇంట్లో ఉంటున్న ఒక హన్మకొండ కుటుంబానికి అలాగే గుర్తుచేసింది. భర్తది ఐటీ ఉద్యోగం, భార్య ఫార్మసిస్టు, ఇద్దరు పిల్లలు. చలికాలమని తెలిసీ మనవల కోసం వచ్చిన మామగారు. పాత యజమాని 2011లో పెట్టించిన కాంబీ బాయిలర్ అది. కుళాయి తిప్పితే వేడినీళ్ళు వస్తున్నాయి కానీ, రేడియేటర్లకు మాత్రం వేడి తగలడం లేదు. వచ్చిన ఇంజనీర్ కవర్ విప్పి, టార్చి వేసి చూసి, "పద్నాలుగేళ్ళ బాయిలర్. దీనిమీద డబ్బు పెట్టడం దండగ" అని తేల్చేశాడు. సాయంత్రానికి కొటేషన్ వచ్చింది: కొత్త కాంబీ, బిగింపుతో కలిపి 2,800 పౌండ్లు.

మామగారు మనసులోనే రూపాయల్లోకి మార్చుకున్నారు. మూడు లక్షల పైమాటే. ఆయన హన్మకొండలో ముప్పై ఏళ్ళకు పైగా మోటర్ వైండింగ్ షాపు నడిపిన మనిషి. కాలిపోయిన బోరు మోటరును పారేయడం ఆయన లెక్కలో లేనే లేదు.

"చెడింది ఏందో చెప్పిండా?" అని అడిగారు.

"పాతదైంది అన్నాడు నాన్నా."

"పాతదవుడు రోగం కాదురా. ఏ పార్టు పోయింది? ఎందుకు పోయింది? అది అడుగు."

రెండో ఇంజనీర్‌ను పిలిచారు. ఆయన చెప్పిన జబ్బు పేరు డైవర్టర్ వాల్వ్. కాంబీ బాయిలర్‌లో కాగిన నీళ్ళకు రెండు దారులుంటాయి: ఒకటి రేడియేటర్లకు, రెండోది కుళాయి నీళ్ళను వేడిచేసే ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్‌కు. ఎవరైనా షవర్ తిప్పినప్పుడు ఈ వాల్వ్ దారి మళ్ళిస్తుంది, కట్టేశాక మళ్ళీ వెనక్కి వస్తుంది. ఇక్కడ వెనక్కి రాకుండా ఇరుక్కుపోయింది. పార్టు వంద పౌండ్ల లోపే. రానుపోను, విప్పి బిగించే పని, అన్నీ కలిపి బిల్లు 260 పౌండ్లు.

"పార్టు కన్నా పనికే ఎక్కువనా? చారాణా కోడికి బారాణా మసాలా" అన్నారు మామగారు.

మన దగ్గర మిక్సీ, కూలర్, మోటర్ బాగుచేయించుకోవడానికే మనసు మొగ్గుతుంది. మెకానిక్ చేతిపని చవక, వస్తువు ఖరీదు. బ్రిటన్‌లో ఆ లెక్క తిరగబడుతుంది. మనిషి గడప తొక్కితేనే మీటర్ మొదలవుతుంది. పని చేతనైనవాళ్ళు ఇంట్లోనే ఉన్నా లాభం లేదు, గ్యాస్ పరికరం మీద పనిచేసే ఇంజనీర్ పేరు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండాలని చట్టం. 2009 ఏప్రిల్ దాకా కోర్గి అనే సంస్థ చూసిన ఆ పని ఇప్పుడు ఈ రిజిస్టర్‌ది. ఇంజనీర్ దగ్గర ఫొటోతో కార్డు ఉంటుంది, ఏయే పనులకు అర్హుడో వెనక రాసి ఉంటుంది. స్క్రూడ్రైవర్ కోసం చెయ్యి లాగుతున్నా మామగారు అందుకే బాయిలర్ జోలికి పోలేదు. రేడియేటర్ దగ్గర ఆగారు.

రేడియేటర్లో చేరిన గాలి తీయడానికి చిన్న తాళంచెవి చాలు, అది ఎవరైనా చేయొచ్చు. హీటింగ్ ఆపి, పాత గ్లాసు పట్టి ఆయన హాల్లో రేడియేటర్ గాలి తీశారు. గాలి వెనకే నల్లటి నీళ్ళు వచ్చాయి. పోయిన చలికాలమంతా ఆ రేడియేటర్ పైన వేడి, కింద చల్లన అని కోడలికి అప్పుడు గుర్తొచ్చింది. లోపలి ఇనుము తుప్పుపట్టి మాగ్నటైట్ అనే నల్లటి బురదగా మారుతుంది. అది కింద పేరుకుంటే నీళ్ళు తిరగవు. ఆ రేణువులే పంపులోకి, వాల్వుల్లోకి, హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోకి పోతాయి. తుప్పు పట్టకుండా నీళ్ళలో ఇన్హిబిటర్ మందు కలపాలి, బురదను పట్టేందుకు తిరుగుపైపుకు అయస్కాంతపు ఫిల్టర్ పెట్టాలి. ఈ ఇంట్లో ఆ రెండూ లేవు.

బోరు ఎండి మోటర్ కాలితే, నీళ్ళు లేని సంగతి చూడకుండా వైండింగ్ కట్టిస్తే మళ్ళీ కాలుతుందని ఆయనకు తెలుసు. 2,800 పౌండ్ల కొటేషన్‌లో సిస్టమ్ కడగడం గురించి ఒక్క ముక్క లేదు. అదే బురదలో కొత్త బాయిలర్ బిగిస్తే దాని గతీ అంతే. పైగా ఐదు నుంచి పదేళ్ళ వారంటీ ఇచ్చే తయారీదారులు ఏటా సర్వీస్ చేయించారా, నీళ్ళు శుభ్రంగా ఉంచారా అని అడుగుతారు.

"కొత్తదైతే గ్యాస్ బిల్లు తగ్గుతుంది కదా మామయ్యా" అంది కోడలు. నిజమే, కానీ ఎంత? కాగితం మీద లెక్క వేశారు. సగటు ఇల్లు ఏడాదికి 11,500 యూనిట్ల గ్యాస్ కాలుస్తుందని నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ అప్పటి అంచనా. యూనిట్ 6 పెన్స్ అనుకుంటే, వాడినా వాడకపోయినా కట్టే స్టాండింగ్ ఛార్జి కాక, 690 పౌండ్లు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2005 ఏప్రిల్ నుంచి కొత్తగా పెట్టే గ్యాస్ బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకమే కావాలని నిబంధన. బయటికిపోయే పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకునే రకం అది. 2011 బాయిలర్ కూడా ఆ రకమే. దాని సామర్థ్యం 86 శాతం, కొత్తదానిది 92 శాతం అనుకుంటే ఏడాదికి మిగిలేది 750 యూనిట్లు, అంటే 45 పౌండ్లు. 2,800 పౌండ్లు తిరిగి రావాలంటే అరవై ఏళ్ళు దాటాలి.

అదే 2005కు ముందుదై, 70 శాతంతో ఈడ్చుకొస్తున్నదైతే ఏటా 165 పౌండ్లు మిగులుతాయి, పదిహేడేళ్ళకు పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. అప్పుడైనా బిల్లు కోసమే మార్చడం అంత గొప్ప బేరమేమీ కాదు. మార్చాల్సిన కారణాలు వేరే ఉంటాయి.

మెయిన్ హీట్ ఎక్స్‌ఛేంజర్‌కు చిల్లు పడితే ఆ ఒక్క మరమ్మతుకే కొత్త బాయిలర్ ఖరీదులో పెద్ద భాగం పోతుంది. మోడల్ ఆగిపోయి పార్టులు దొరకకపోతే బాగుచేద్దామన్నా కుదరదు. ఒక చలికాలంలో ఫ్యాన్, మరో చలికాలంలో సర్క్యూట్ బోర్డు, ఆపైన పంపు వరసగా పోతుంటే పెట్టిన ఖర్చు కూడి చూసుకోవాలి. కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం ఉందని ఇంజనీర్ హెచ్చరిక చీటీ అంటించి గ్యాస్ కట్టేస్తే బేరాలకు తావు లేదు. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు కాబట్టి, బాయిలర్ ఎంత కొత్తదైనా అలారం ఉండి తీరాలి.

రెడింగ్ నీళ్ళతో ఇంకో చిక్కు: సున్నం ఎక్కువ. కెటిల్ అడుగున కనిపించే తెల్లటి పొర ప్లేట్ హీట్ ఎక్స్‌ఛేంజర్‌లోనూ పేరుకుంటుంది. షవర్‌లో ఒకసారి వేడి, ఒకసారి చల్లన వస్తే అదీ అనుమానించాల్సిందే. దాన్నీ మార్చుకోవచ్చు.

మరి హీట్ పంప్? అది మాత్రం ఎందుకు వదలాలని కొడుకు ఆరా తీశాడు. బయటి గాలిలోని వేడిని లాక్కుని ఇంట్లోకి పంపే యంత్రం. ఇంగ్లండ్, వేల్స్‌లలో బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీమ్ కింద 7,500 పౌండ్ల సాయం దొరుకుతుంది. 2023 అక్టోబరుకు ముందు అది 5,000. సాయం పోను ఇంకా కొన్ని వేలు చేతినుంచి పడతాయి. ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది కానీ, కరెంటు యూనిట్ ధర గ్యాస్ కన్నా దాదాపు నాలుగింతలు. గ్యాస్ కనెక్షనే తీసేస్తే స్టాండింగ్ ఛార్జి మిగిలి లెక్క దగ్గరికొస్తుంది.

అక్కడే చర్చ వంటింట్లోకి మళ్ళింది. గ్యాస్ తీసేస్తే పొయ్యీ పోతుంది. ఇండక్షన్ మీద ప్రెషర్ కుక్కర్ కూత పెడుతుంది, అడుగు సమంగా ఉన్న ఇనప పెనం మీద దోశా వస్తుంది. పుల్కాను మంట మీద పొంగించడం, వంకాయ కాల్చి పచ్చడి చేయడం మాత్రం ఉండదు. అంతకన్నా పెద్ద చిక్కు చోటు. హీట్ పంప్‌కు వేడినీళ్ళ సిలిండర్ కావాలి. ఒకప్పుడు మేడమీద దానికోసమే ఓ అల్మరా ఉండేది. కాంబీ పెట్టినప్పుడు పాత యజమాని సిలిండర్ తీసేశాడు, వీళ్ళు వచ్చాక ఆ అల్మరాలో దేవుడి మందిరం కట్టుకున్నారు. దేవుణ్ణి ఎక్కడికి మార్చాలో తేలితే తప్ప హీట్ పంప్ మాట ముందుకు పోదు.

ఇంకో ప్రశ్న ఎవరూ బయటికి అనలేదు కానీ అందరి మనసులోనూ ఉంది: ఈ ఇంట్లో ఎన్నాళ్ళుంటారు? పెద్దమ్మాయి సెకండరీ స్కూలుకు వెళ్ళే వేళకు ఇల్లు మారే ఆలోచన ఉంది. అప్పుడు కొనేవాళ్ళ లాయరు బాయిలర్ బిగించినప్పటి బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ అడుగుతాడు, సర్వీస్ కాగితాలు అడుగుతాడు. బాయిలర్ కొత్తదైతే కాస్త సులువు. అంతమాత్రాన ఇంటి ధరలో పెట్టిన ఖర్చంతా రాబట్టుకోవడం కష్టం. అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళకు ఈ మీమాంస లేదు. 1985 నాటి ఇంటియజమానుల, అద్దెదారుల చట్టం ప్రకారం హీటింగ్, వేడినీళ్ళ ఏర్పాట్లు బాగుచేయించాల్సింది యజమానే. ఏటా గ్యాస్ సేఫ్టీ తనిఖీ కూడా ఆయన బాధ్యతే. కొత్తగా వచ్చిన మన కుర్రాళ్ళు చాలామంది ఇది తెలియక చలికి వణుకుతూ హీటర్లు కొనుక్కుంటారు.

చివరికి 260 పౌండ్లు పెట్టి వాల్వ్ మార్పించారు. మర్నాడు ఆ ఇంజనీర్ దగ్గరే సిస్టమ్ కడగడానికి, ఫిల్టర్‌కు, ఇన్హిబిటర్‌కు కలిపి కొటేషన్ తీసుకున్నారు. ఆ పని ఇంకో నాలుగు వందలు. వెళ్ళేముందు ఆయన రేడియేటర్లకు పోయే నీటి వేడిని 80 డిగ్రీల నుంచి 60కి దించాడు. తిరిగొచ్చే నీరు 55 డిగ్రీలకు దిగువన ఉంటేనే కండెన్సింగ్ బాగా జరుగుతుంది, బాయిలర్ మీద రాసిన సామర్థ్యం అప్పుడే దక్కుతుంది. గది వేడెక్కడం కాస్త ఆలస్యమవుతుంది. కాంబీలో కుళాయి నీళ్ళ సెట్టింగ్ వేరే కాబట్టి స్నానానికి ఇబ్బంది లేదు. సిలిండర్ ఉన్న ఇళ్ళలో మాత్రం లెజియొనెల్లా బాక్టీరియా భయం ఉంది కనుక ఇంత దించకూడదు.

మామగారు అక్కడితో ఆగలేదు, కొడుకు చేత రాయించారు. ఇకమీదట హీట్ ఎక్స్‌ఛేంజర్ పోయినా, ఒకే ఏడాదిలో బిల్లులు 700 పౌండ్లు దాటినా మరమ్మతు మాట ఎత్తరు. కొత్తదానికి కొటేషన్లు ఎండాకాలంలో, ఇంజనీర్లకు తీరిక ఉన్నప్పుడు, ముగ్గురి దగ్గర తీసుకుంటారు. ప్రతి కొటేషన్‌లోనూ సిస్టమ్ కడగడం, ఫిల్టర్, వారంటీ ఏళ్ళు, పాతదాన్ని తీసుకెళ్ళే ఖర్చు విడివిడిగా ఉండాలి.

"ఆ ఫిల్టర్ ఏడాదికోసారి విప్పి కడగాలె గద, ఎవరు యాది పెట్టుకుంటరు?" అని చివరి ప్రశ్న వేశారు.

కోడలు ఫోన్ తీసి సెప్టెంబరు మొదటివారంలో బాయిలర్ సర్వీస్ బుక్ చేసింది.