ఒక్క వంట, వేర్వేఱు కడుపులు

ఒకే కుండలో నుడికిన యన్నమును, ఒకే గిన్నెలోని పప్పును ఇంటిల్లిపాదియు భుజింతురు. ఒకరికది సుఖముగ జీర్ణమగును. మఱొకరికి సాయంకాలమువఱకును కడుపుబ్బరము విడువదు. ఇట్టి భేదమును మన యిండ్లలో దోషముగ నెంచుట పరిపాటి. "ఆ పిల్ల కడుపు మంచిది కాదు" అను మాట కోడలిమీద పడుట యెంత సులభము!

మైలవరములోని మా యింట పెద్దకోడలి విషయమున నిట్లే జరిగినది. ఆమె విశాఖపట్టణపు పిల్ల. ఆరోగ్యవంతురాలు, పనిపాటలయందు చుఱుకైనది. మా యింటి కందిపప్పు మాత్ర మామెకు సరిపడదు. గత సంవత్సర మామె యొక పరీక్షాశాలకు వేలకొలది రూపాయలు చెల్లించి, తన మలమును పరీక్షింపించుకొన్నది. "మీ ప్రేవులలోని సూక్ష్మజీవులు ఆరోగ్యవంతుల ప్రమాణముతో సరిపోలుట లేదు" అని వారు వ్రాసి పంపిరి. దాని క్రింద ఆరు మాసములు వాడవలసిన పొడుల పట్టిక కలదు. నాటినుండి యామె పప్పు మానినది, పెరుగు మానినది, తుదకు అన్నమునకే భయపడసాగినది. "నా పాలు త్రాగు పిల్లవానికి గూడ నీ లోపము వచ్చునా, అత్తయ్యగారూ?" అని యొకనాడు కన్నీరు పెట్టుకొన్నది. అప్పుడు, ఆ ప్రమాణ మనునది యెట్టిదో తెలిసికొనవలెనని నాకు పట్టుదల కలిగినది.

డెబ్బది కిలోల బరువుగల పురుషుని శరీరమున సుమారు 38 లక్షల కోట్ల సూక్ష్మజీవులు, అందును మిక్కిలిగ పెద్దప్రేవులో, నివసించుచున్నవని 2016 లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. వాని బరువంతయు కలిపి దాదాపు 200 గ్రాములు మాత్రమే. మన జీర్ణరసములకు లొంగని పీచును పులియబెట్టి, ప్రేవు గోడలకు పోషణ నిచ్చునవి యవియే. ఆ పులియుటవలన పుట్టు వాయువే పప్పు తిన్ననాటి యుబ్బరము. అనగా ఉబ్బర మొక్కటియే వ్యాధిలక్షణము కానేరదు.

ఇక ప్రమాణము సంగతి. అమెరికాలోని హ్యూస్టను, సెయింట్ లూయీ నగరములలో 242 మంది ఆరోగ్యవంతులను వైద్యులు జాగ్రత్తగ నెన్నుకొని పరీక్షించిరి. ఆ ఫలితములు 2012 లో ప్రకటింపబడినవి. ఏ యిద్దఱి సూక్ష్మజీవులును ఒక్కతీరున లేవు. ఒకరియందు మెండుగనున్న జాతి మఱొకరియందు అత్యల్పము. కాని యవి చేయు పనులు మాత్రము అందఱియందును దాదాపు సమానముగ నుండెను. మైలవరపు సంతలో కూరలమ్మువారు వేఱు, నూజివీటి సంతలో నమ్మువారు వేఱు. అయినను రెండూళ్లవారి పొయ్యిమీదను కూర యుడుకుచునే యున్నది గదా! ఇదియు నట్టిదే.

మన దేశపు సంగతి చూడుడు. అస్సాము, మణిపురము, సిక్కిము, తెలంగాణములయందలి 15 గిరిజన తెగల ఆరోగ్యవంతులను పరీక్షించి 2015 లో ప్రకటించిన పరిశోధనలో ప్రివొటెల్లా యను జాతి ప్రబలముగ కనబడినది. పాశ్చాత్యులలో బాక్టీరాయిడీసు అను జాతి తఱచుగ ప్రబలమై యుండును. ధాన్యములు, పీచు హెచ్చుగ తినువారిలో ప్రివొటెల్లా వృద్ధి పొందును. తిండి, వయస్సు, ప్రసవవిధానము, నివాసము, మందులు — ఇవి యన్నియు భేదమునకు కారణములు. కవలపిల్లలలో గూడ నీ భేదము కలదు. ఆరోగ్యవంతులలోనే యేకరూపము లేనప్పుడు, మా కోడలు ఎవరితో సరిపోలలేదని యా పరీక్షాశాలవారి నిర్ణయము?

తల్లిపాలను గూర్చి యామె భయము మఱింత నిర్హేతుకము. ఆ పాలలో శిశువు తానై జీర్ణించుకొనలేని చక్కెరలు కొన్ని కలవు. బిఫిడోబాక్టీరియము అను మేలుచేయు సూక్ష్మజీవులకు అవి యాహారము. తల్లి బిడ్డకే గాక, బిడ్డ కడుపులోని యతిథులకును వడ్డించుచున్నదన్నమాట.

నిజముగ జాగరూకత వలసినది మందుల విషయమున. 1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దఱు స్ప్రూ అను ప్రేవుల వ్యాధిచే మరణించిరి. తరువాత అమెరికాలో ఆయన నడపిన పరిశోధనశాలనుండియే ఫోలిక్ ఆమ్లమును, 1948 లో ఆరియోమైసిను అను ఔషధమును వెలువడినవి. ఫోలిక్ ఆమ్లమును, ఆరియోమైసిను కుటుంబమునకు చెందిన మందులును స్ప్రూ చికిత్సకు ఉపయోగపడినవి. ఇట్టి ఔషధములు ప్రాణదాతలే. కాని శత్రువుతోపాటు మిత్రులను గూడ సంహరించును. కొన్ని జాతులు వారములలో మరలివచ్చును, కొన్ని బహుకాలము రావు. కావున వైద్యుడు వ్రాసినప్పుడు మానరాదు. చిన్న జలుబునకు అంగడివాని మాటపై కొని మ్రింగరాదు.

మా కోడలిని వైద్యురాలు పరీక్షించి, వ్యాధి యేమియు లేదని చెప్పినది. నెలకొలది పప్పు మానియుండుటచే, ఒక్కసారిగ గాక కొలది కొలదిగ మొదలిడుమన్నది. గరిటెడు పెసరపప్పుతో మొదలిడి, రెండు మాసములలో నామె కందిపప్పు గూడ కొంచెము తినుచున్నది. ఆ పొడులు కొనలేదు. అయితే మలములో రక్తము, విడువని విరేచనములు, జ్వరము, కారణములేక చిక్కిపోవుట — ఇవి కనబడినచో "ఇది నా కడుపు తత్త్వము" అని యూరకుండక తక్షణము వైద్యుని చూడవలెను.

సోదరీమణులారా! వంట చేయువారము మనము. ఎవరికేది సరిపడునో యెఱుగగలవారమును మనమే. పీటమీద కూర్చున్నవారు పప్పు చాలునన్నచో, "మా యింట నందఱు తినుచుండగా నీకేమి?" అని యడుగక, ఆ గరిటె నక్కడనే యాపి చారు వడ్డింపుడు.