తలుపుసందు రబ్బరు

కారున్నవాళ్ళు నలుగురు కూడితే ఇంజను గురించి మాట్లాడుకొంటారు, మైలేజీ గురించి మాట్లాడుకొంటారు, పెట్రోలు ధర తలచుకొని నిట్టూరుస్తారు. తలుపు చుట్టూ వుండే రబ్బరును గురించి ఒక్కడైనా మాట్లాడగా నేను వినలేదు. పాపం, దానికి చప్పుడూ లేదు, తళుకూ లేదు. వాన కురిసిననాడే దాని పేరు తలుస్తారు. అదీ తిట్టడానికి.

మేముండేది హఫీజ్‌పేటలో. ఎమ్మెమ్టీఎస్ రైళ్ళాగే స్టేషనుకు దగ్గర. కొండాపూరు వైపు చూసినా, మియాపూరు వైపు చూసినా, కట్టిన మేడ పక్కన కడుతున్న మేడ. గాలినిండా సిమెంటూ, రాతిపొడీ. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మా వీధిలో కారుకు నీడ దొరకడం కంటే పిల్లకు సంబంధం దొరకడం తేలిక.

ఆ ఎండలో నిలబడే కార్లలో మా తమ్ముడి కొడుకుది ఒకటి. హైటెక్ సిటీ ఆఫీసులకు జనాన్ని చేరవేసి, ఆ రాబడితో ఇల్లు గడుపుతూ, కారు కిస్తీ కట్టుకొంటున్నాడు. కిందటి వానాకాలం మొహం వేలాడేసుకొని వచ్చాడు.

“పెదనాన్నా, బండెక్కినవాళ్ళు ముక్కు మూసుకొంటున్నారు. స్టార్లు తగ్గించేస్తున్నారు. ఇట్లా అయితే బేరాలు రావు” అన్నాడు.

కాళ్ళకింది కార్పెట్టు ఎత్తితే ముక్కవాసన గుప్పుమంది. దాని అడుగు స్పాంజి పిండితే నీళ్ళు. షెడ్డువాడు నాలుగు తలుపుల బీడింగులూ మార్చెయ్యాలన్నాడట. వాడు చెప్పిన ధర విన్నాక మావాడికి ఆ నెల కిస్తీ కళ్ళముందు కనిపించింది.

నేను ముప్పయ్యేళ్ళు రబ్బరు సామాన్ల దుకాణంలో లెక్కలు రాసినవాణ్ణి. అంచేత రబ్బరు మాట వస్తే వూరుకోలేను. పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి బిరుసెక్కుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడియర్ గంధకం కలిపి వేడిచేసి దాన్ని దారికి తెచ్చాడు. అయినా గాలిలోని ఓజోను దాన్ని వదల్లేదు; సాగి వున్నచోటల్లా సన్నని పగుళ్ళు పుట్టిస్తుంది. అందుకే ఈనాటి కారు తలుపులకు ఎక్కువగా ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు వాడుతున్నారు. ఓజోనును అది బాగా తట్టుకొంటుంది. ఇక నలుపంటారా, అది సోకుకు కాదు; అందులో కలిపిన మసి ఎండను కాచుకొంటుంది. కాని పెట్రోలియం నూనెలు తగిలితే మాత్రం వుబ్బి మెత్తబడిపోతుంది. మావాడు అప్పటికే వాజలీను డబ్బా మూత తీశాడు! లాక్కొని అవతల పెట్టాను.

ముందు రోగమేమిటో చూడాలిగదా. పదిరూపాయల నోటు తలుపుసందులో పెట్టి, తలుపు మూసి, లాగి చూశాం. జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు పట్టు వదిలిందన్నమాట. చుట్టూ అంగుళమంగుళం చూశాం. డ్రైవరు తలుపు కింది మూల, చెప్పులు రాసుకొని చిరిగినచోట తప్ప, ఎక్కడా నోటు కదల్లేదు.

మరి నీళ్ళెక్కడివి? అద్దం పక్కనుంచి కొన్ని నీళ్ళు తలుపు కడుపులోకి దిగడం సహజం. అవి బయటికి పోవడానికే తలుపు కింది అంచున చిన్న చిన్న కన్నాలు పెడతారు. వంగి చూస్తే ఆ కన్నాలన్నీ సిమెంటు బురదతో పూడిపోయి వున్నాయి. మెల్లగా చీపురుపుల్లతో పొడిచాను. నల్లటి నీళ్ళు ధారగా కారాయి. నాలుగు తలుపులదీ అదే వరస. పోయే దారి లేక ఆ నీళ్ళే లోపలి అట్ట సందుల్లోంచి కార్పెట్టులోకి దిగుతున్నాయి.

చిరిగిన ఆ ఒక్క బీడింగూ మార్పించాం. బిరుసెక్కి స్ప్రింగు పోయిన రబ్బరుకూ, చిరిగినదానికీ ఏ మందూ పనిచెయ్యదు. మిగతావాటిని సబ్బునీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక, సిలికాన్ గ్రీజు వేలితో పలచగా రాశాం. ఎక్కువ రాస్తే దుమ్ము పట్టుకొంటుంది. కిరసనాయిలు, పెట్రోలు దగ్గరికి రానివ్వకూడదు. అద్దం దిగే గాడిలో ఇసుక వుంటే అద్దానికి గరుకు కాగితంతో తోమినట్టే గనుక, అక్కడా తడిగుడ్డ పెట్టాం.

కార్పెట్టు రెండురోజులు మేడమీద ఆరింది. ఆ రెండురోజులూ బేరాలు లేవని మావాడు సణిగాడు. మూడోనాడు వాసన సగం పోయింది. వారం తిరిగేసరికి ఎవరో ఆఫీసు అమ్మాయి అయిదు స్టార్లు ఇచ్చిందని ఫోను చేసి చెప్పాడు. ఇప్పుడు నెలకోసారి వచ్చి మా పెరటి చీపురులోంచి ఒక పుల్ల విరుచుకొని పోతున్నాడు. మా ఆవిడ మాత్రం చీపురు పలచబడుతోందంటోంది.