మా అడుగు



గత నవంబరులో టెన్నెస్సీలో ఉంటున్న తెలుగు సహోదరుడు మమ్మును సౌత్ హోల్‌స్టన్ నదికి తీసుకువెళ్లారు. 1950లో పూర్తయిన డ్యాం అడుగునుండి వదిలే చల్లటి నీళ్లలో ట్రౌట్ చేపలు బ్రతుకుతాయి. ఈకలతో కట్టిన పురుగు గాలం విసురుతూ, మోకాలి లోతున నడుస్తున్నాము.

"అయ్యగారూ, అక్కడ తొక్కకండి!" అని కేకవేశారు.

తేటగా కనిపించే ఆ గులకరాళ్ల క్రింద చేప గుడ్లున్నాయట. శరత్కాలంలో తల్లి చేప తోకతో రాళ్లు శుభ్రంచేసి, గుడ్లు పెట్టి కప్పుతుందట. మేము అప్పటికే ఒకచోట తొక్కేశాము.

ఆ రాత్రి ఒక యౌవనుడు గుర్తొచ్చాడు. సంఘానికి క్రొత్తగా వచ్చినవాణ్ణి అందరి ఎదుట గద్దించాము. మరల రాలేదు.

ఊరు చేరగానే అతని ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాము. అతడింకా రాలేదు. మేము వెళ్తూనే ఉన్నాము. ప్రార్థించండి.